చిటికి ముడి – కంప్యూటరు లెక్క



ఈ యేటి యుగాదికి నేను మా యూరు పోయితిని. రచ్చకట్టపై గూర్చున్న పెద్దలలో నొకరు నన్ను పిలిచి, “బిడ్డా, పట్నంల ఏం పని చేస్తున్నవు?” అని యడిగిరి. కంప్యూటరు పనియని చెప్పితిని. “అది ఎరుకే. పొద్దుగాల కూసుంటవు, చీకటయినంక లేస్తవు. చేతికి మన్ను అంటదు, రంగు అంటదు. మాపటికి ఏం తయారయితది?” అని వారు మరల నడిగిరి. నాకు వెంటనే సమాధానము తోచలేదు. మూడేండ్లుగా చేయుచున్న పనిని, నన్ను పెంచిన యూరివారికి వారి మాటలలో చెప్పలేకపోతినే యని సిగ్గుపడితిని. నేటి ప్రసంగము ఆ పెద్దమనిషి ప్రశ్నకు నే నీయదలచిన సమాధానము.

మాది యాదాద్రి భువనగిరి జిల్లా. 1951వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీన వినోబా భావేగారికి తొలి భూదానము లభించిన పోచంపల్లి మాకు దగ్గరి యూరు. తాతలనాటి నుండి మాది నేతపని. ఈ చీరల నేతలో నొక విశేషము గలదు. ఇతర చీరలకు నేయునపుడు బొమ్మ వచ్చును. మా చీరకు నేయుటకు ముందే నూలుపై బొమ్మ సిద్ధమై యుండవలెను. కాగితముపై గళ్లు గీచి, ఏ గడిలో ఏ రంగు రావలయునో గుర్తుపెట్టి, ఆ లెక్క ప్రకారము నూలుపోగుల గుంపులను అక్కడక్కడ బిగించి కట్టి, రంగులో ముంచుదురు. కట్టినచోట రంగు పట్టదు, కట్టనిచోట పట్టును. దీనినే మావారు చిటికి కట్టుట యందురు. ఒక్క ముడి స్థానము తప్పెనా, నెమలి మెడ వంకరయగును. మా నాయన ముడులు కట్టుచు పెదవులు కదలించి లెక్కపెట్టుకొనుట నా బాల్యమున నేను విన్న మొదటి గణితము.

మా నాయనమ్మ ఆసు పోయుచుండెను. ఆసు అనగా పేక నూలును అర్ధచంద్రాకారముగా నాటిన మేకుల చుట్టు చేతితో ద్రిప్పి పేర్చుట. ఒక్క చీరకు చేయి వేలకొలది మారులు ముందునకు వెనుకకు ఆడవలెను. రాత్రి పండుకొనునపు డామె భుజమునకు కొబ్బరినూనె రాయుట నా వంతు పని. ఈ బాధను తన తల్లియందు చూచి యోర్వలేని యొక కుమారుడు మా ప్రాంతముననే కలడు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశముగారు ఆరవ తరగతితో చదువు మానినవారు. ఏండ్ల తరబడి కష్టపడి, 1999లో ఆసు పోయు యంత్రమును సిద్ధపరచి, తల్లిపేర దానికి లక్ష్మీ ఆసు యంత్రమని పేరుపెట్టిరి. నాలుగు గంటలకు పైబడు పని గంటన్నరకు దిగినది. 2017లో ప్రభుత్వము వారిని పద్మశ్రీతో గౌరవించినది. యంత్రమనగా మనుష్యుని తోసివేయునది మాత్రమే కాదు, ఒక తల్లి భుజమునకు విశ్రాంతి నిచ్చునది కూడ కావచ్చునని నేను ఆయన వలన తెలిసికొంటిని. నన్నీ చదువువైపు త్రిప్పిన సంగతి యదియే.

పదవ తరగతి వరకు మా యూరి ప్రభుత్వ పాఠశాలలో తెలుగుననే చదివితిని. పిమ్మట ప్రవేశపరీక్ష వ్రాసి హైదరాబాదులో ఇంజనీరింగు కళాశాలలో చేరితిని. బోధన రుసుమును ప్రభుత్వము భరించినది. ఎవరో వాడి విడిచిన కంప్యూటరు నొకదానిని మా నాయన ఆరు నెలల కూలి దాచి కొనిపెట్టెను. మొదటి యేడు ఇంగ్లీషు పాఠము నాకు సగము సగమే బోధపడెడిది. ఉపాధ్యాయులు ‘స్ట్రింగు’ అనిరి, ‘థ్రెడ్డు’ అనిరి. స్ట్రింగనగా త్రాడు, థ్రెడ్డనగా దారము; మన యింటి సరకే గదా యని సంతోషించితిని. తరువాత తెలిసినది: వరుసగా కూర్చిన అక్షరముల పేరు స్ట్రింగట, యంత్రము ఒకేమారు నడుపు పలు పనులలో నొక్కొక్క పోగు థ్రెడ్డట. నవ్వు వచ్చినది గాని, ఆ పోలిక వట్టిది కాదని క్రమముగా గ్రహించితిని.

కంప్యూటరు లోపల నున్నవి రెండే గుర్తులు. విద్యుత్తు కలదు, లేదు, ఒకటి, సున్న. చిటికిలో కట్టినది, కట్టనిది యన్నట్లే. మీలో పద్యలక్షణము చదివినవారికి ఇది మరింత సులువుగా తెలియును. లఘువు, గురువు అను రెండే గతులతో మూడక్షరముల గణములు ఎన్ని యగును? ఎనిమిది. రెండును మూడుమారులు గుణించిన ఫలమది. ఎనిమిది చోట్లు తీసికొన్నచో 256 విధములగును. ఆ యెనిమిది చోట్ల కట్టకు కంప్యూటరు వారు బైటు అని పేరు పెట్టిరి. పూర్వము పింగళుడు ఛందస్సునకై గురులఘువుల నన్ని విధముల పేర్చిచూచు ప్రస్తారమును చెప్పెను. ఆయన కంప్యూటరు చేసెనని నేననను. రెండు గుర్తులతో ఎంత విస్తారమైన లెక్క చేయవచ్చునో మనవారికి క్రొత్త గాదని మాత్రమే నా భావము.

మగ్గమునకును కంప్యూటరునకును చరిత్రలోనే బంధుత్వము గలదు. ఫ్రాన్సు దేశపు జకార్డు అను నతడు 1804 ప్రాంతమున చిల్లులు పొడిచిన అట్టల వరుసతో పడుగు పోగులను లేపు మగ్గమును ప్రచారమునకు తెచ్చెను. చిల్లున్నచోట పోగు లేచును, లేనిచోట లేవదు. ఇంగ్లండులో బాబేజి అను పండితుడు అట్టి యట్టలతోనే లెక్కలు చేయు మహాయంత్రము నొకదానిని 1837 నాటికి సంకల్పించెను; అది ఆయన జీవితకాలమున పూర్తి కాలేదు. 1843లో ఏడా లవ్‌లేసు అను విదుషీమణి ఆ యంత్రమును వివరించుచు దానిని జకార్డు మగ్గముతోనే పోల్చెను. 1890లో అమెరికా జనాభా లెక్కలను హాలరిత్ అను నతడు చిల్లుల అట్టలతోనే తేల్చెను. కావున నేతగాని కొడుకు ఈ వృత్తిలోనికి వచ్చుట పరాయి యింటికి పోవుట కాదని నన్ను నేను సమాధానపరచుకొందును.

మా హైదరాబాదునకు ఈ విద్య నిన్న మొన్న వచ్చినది కాదు. 1967లోనే ఎలక్ట్రానిక్సు కార్పొరేషను అను ప్రభుత్వ సంస్థ అచ్చట నెలకొని, తరువాత స్వదేశమున కంప్యూటరులను చేసినది. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు అను భవనము తెరువబడినది. ఆ దినములలోనే మరియొక విచిత్రము జరిగినది. పూర్వము ప్రోగ్రాములు వ్రాసినవారు, యంత్రమున చోటు చాలదని, సంవత్సరమును రెండంకెలతో వ్రాసియుండిరి. 1965 అనుటకు 65 అని వ్రాయుట యన్నమాట. 2000వ సంవత్సరము రాగా రెండు సున్నలను యంత్రము 1900 అని పొరబడునేమో యని లోకమంతయు భయపడినది. ఆ లెక్కలు సరిదిద్దుటకై తెలుగు యువకులు పెక్కండ్రు దేశాంతరములకు పోయిరి. రెండంకెల పొదుపు ఎంత వ్యయమునకు దారితీసినదో చూడుడు.

ఇక నా పని. ప్రోగ్రామనగా యంత్రమునకు వ్రాసి యిచ్చు ఆజ్ఞల పట్టిక. నేను దినమంతయు క్రొత్త పట్టికలు వ్రాయుచుందునని మీరనుకొనవలదు. మునుపు ఇతరులు వ్రాసినది చదువుట, తప్పు ఎచట నున్నదో వెదకుట, సరిదిద్ది పరీక్షించుట. ఇందులోనే ఎక్కువ ప్రొద్దు పోవును. తప్పునకు మా వృత్తిలో ‘బగ్గు’ అని పేరు, అనగా పురుగు. ఈ మాట యంతకుముందే వాడుకలో నున్నను, 1947 సెప్టెంబరు 9వ తేదీన అమెరికాలో నొక కంప్యూటరు ఆగిపోగా, విప్పి చూచినవారికి నిజముగనే యొక రెక్కల పురుగు దొరికినది. దానిని దినచర్య పుస్తకములో నంటించి భద్రపరచిరి. చేనికి పురుగు పట్టినచో ఆకుపై కనబడును. మా చేనికి పట్టిన పురుగు పంట యింటికి వచ్చు వరకు కనబడదు.

అట్టి పురుగును నేనే నా చేతులతో విడిచిన కథ చెప్పెదను. ఉద్యోగమున జేరిన మొదటి యేడు మాకొక పని వచ్చినది. ఏ సంస్థ పనియో చెప్పుట యనవసరము. చేతివృత్తులవారికి సహాయధన మిచ్చుటకు రెండు జాబితాలు పోల్చవలెను. ఒకదానిలోని పేరు రెండవదానిలో నున్నచో సొమ్ము పోవును. లేనిచో ఆ పేరు ప్రక్కకు పోవును. పేర్లను పోల్చు భాగము నాకిచ్చిరి. అక్షరమునకు అక్షరము సరిపోవలెనని వ్రాసితిని. పది వరుసలు పట్టలేదు. నమూనాగా ఇచ్చిన పేర్లపై పరీక్షింపగా సరిగా నడచినది. పై యధికారి మెచ్చుకొనిరి.

ఆ దసరాకు ఊరికి పోగా, మా ప్రక్కయింటి అవ్వ అరుగుపై కూర్చుండి మా నాయనమ్మతో చెప్పుచుండెను: “నేను నేను గాదంట. మిషనే చెప్పిందంట. మూడు మాట్ల పోయొచ్చిన, బస్సు పైసలు దండుగ.” ఆ సొమ్ము వచ్చునను నమ్మకమున ఆమె నూలునకు అప్పు తెచ్చెనట, వడ్డి పెరుగుచున్నదట. విషయ మడిగితిని. ఆమె కాగితములు తెచ్చి చూపెను. నా గుండె జారినది. అది నా ప్రోగ్రాము చేసిన పనియే.

సంగతి యేమనగా, మన పేర్లను ఇంగ్లీషు అక్షరములలో నొక్కొక్కరొక్కొక్క విధముగా వ్రాయుదురు. ఉదాహరణమునకు, ఒక చోట సత్తెమ్మ యని, మరియొక చోట సత్యమ్మ యని యుండును. ఒకరు ఇంటిపేరు ముందు పెట్టుదురు, ఒకరు వెనుక పెట్టుదురు, ఒకరు పొడి యక్షరముతో సరిపెట్టుదురు. స్త్రీలకు ఒక కాగితముపై పుట్టింటి పేరు, మరియొకదానిపై అత్తింటి పేరు. ఇదంతయు నాకు తెలియనిది కాదు. మా యింటి కాగితములలోనే యున్నది. అయినను ప్రోగ్రాము వ్రాయునపుడు ఆ చీటీ యెవరిదో నా కంటికి కానరాలేదు. అక్షరములే కనబడినవి.

ఆ దినమున నే నవ్వతో నిజము చెప్పలేకపోతిని. అది నేటికిని నాకు నొప్పి.

తిరిగిపోయి పై యధికారితో చెప్పితిని. మాకిచ్చిన నియమమే యట్లుండెననియు, నాయొక్కని తప్పు కాదనియు వారనిరి. ఆ మాట నిజమే కాని నాకు ఊరట కలుగలేదు. వారిని వేడుకొని, మూడు వారములు శ్రమించి, ఆ భాగమును మార్చితిమి. ఇప్పుడు పేరు సరిపోనిచో యంత్రము కాదని చెప్పదు. ఉచ్చారణలో దగ్గరగా నున్న పేర్లను ప్రక్కప్రక్కన పేర్చి ఒక మనుష్యుని ముందుంచును. ఆయన కాగితములు చూచి తీర్పు చెప్పును. దరఖాస్తుదారునకు కారణము తెలుగులో తెలుపబడును. ప్రక్కకు పోయిన వందలకొలది పేర్లను మరల తిరుగవేసి చూచిరి. అవ్వకు సొమ్ము వచ్చినది.

సంక్రాంతికి పోయి ఆమెకు నిజము చెప్పితిని. ఆమె కొంతసేపు పలుకలేదు. తరువాత, “ముడి తప్పితే ఇప్పి మల్ల కట్టొచ్చు బిడ్డా. రంగుల ముంచినంక ఇప్పితే మచ్చ పోదు. ముంచకముందే చూసుకోవాలె” అనినది. ఆమె కోపపడి యుండిన నాకింత జ్ఞాపకముండెడిది కాదేమో. వడ్డి ఆమె కట్టుకొన్నది. దానిని నేనిచ్చెదనన్న పుచ్చుకొనలేదు. నాటినుండి ఏ ప్రోగ్రామునైనను లోకము మీదికి విడుచుటకు ముందు, ఇది తప్పినచో ఎవరి గడప దగ్గర తప్పునని నన్ను నేనడుగుకొందును.

మీలో పలువురు పూర్వపు పట్వారీలను, కరణములను ఎరిగినవారు. 1984లో ఆ యుద్యోగములు రద్దయినవి. ఆ కాలమున పేరు తప్పుగ పడినను, ఈ సత్తెమ్మయే ఆ సత్యమ్మయని పట్వారీకి ముఖము చూచినంతనే తెలియును. అది మేలు. కాని ముఖము చూచుట వలననే పక్షపాతమును పుట్టెడిది. గిట్టనివాని కాగితము అడుగునకు పోయెడిది. యంత్రమునకు కులము తెలియదు, పగ తెలియదు, ముఖమును తెలియదు. పట్వారీ యెరుకయు, యంత్రపు నిష్పక్షపాతమును ఒకచోట చేర్చుట యెట్లన్నది మా తరము తేల్చవలసిన లెక్క. ఆ లెక్కలో పెద్దల సాక్ష్యము లేక మేమేమియు చేయజాలము.

నా వినోదము లేమని యడుగుదురేమో. ఊరికి వచ్చినచో ఆదివారము మా నాయన మగ్గముపై కూర్చుండి నాడె వేయుదును. ఆయన నేసినదానిలో నాలుగవ వంతును నేయలేను. పట్నమున రాత్రులందు పాత తెలుగు పుస్తకములను వికీసోర్సు అను ఉచిత గ్రంథాలయమున అక్షరబద్ధము చేయుదును. తెరపై నొకవైపు ముద్రిత పుట యుండును, మరియొకవైపు మేము సరిచూచిన పాఠ ముండును. ఒకరు దిద్దినదానిని మరియొకరు మరల చూచి ఆమోదింతురు. మా నాయనమ్మ వాడు కొన్ని మాటలు ఆ పుటలలో ఎదురైనపుడు, పట్నములో తప్పిపోయిన చుట్టము కనబడినట్లుండును.

తెలుగు లిపి యంత్రమున నుండు తీరు నాకెంతయు నిష్టమైన విషయము. ప్రపంచ లిపులన్నిటికి యూనికోడు అను నొక సంఖ్యాపట్టిక గలదు. అందు అకారమునకు 3077, కకారమునకు 3093. ‘జ్ఞా’ అని మనము వ్రాయునది యంత్రమునకు నాలుగు సంఖ్యలు: జకారము, పొల్లు, ఞకారము, దీర్ఘము. 2018 ఫిబ్రవరిలో ఈ ‘జ్ఞా’ యందు కంటికి కానరాని సంకేత మొకటి చేరినచో ఆపిల్ సంస్థవారి ఫోనులు నిలిచిపోవుచుండెను. ఆ నెలలోనే సంస్థవారు సరిదిద్దిరి. లోకమంతయు నవ్వుకొన్నది గాని నేను ఆలోచనలో పడితిని. మన అక్షరము కఠినమైనది కాదు. దానిని చాలినంత పరీక్షించినవారు లేకపోయిరి. సత్తెమ్మ పేరునకు జరిగినదియు నదియే కదా.

ఒక్క భయమును దాచక చెప్పెదను. 2022 చివరనుండి, కోరిక చెప్పినంతనే తామే ప్రోగ్రాము వ్రాసి యిచ్చు యంత్రములు జనుల చేతికి వచ్చినవి. నావంటి క్రొత్తవారికి పని యుండునాయని స్నేహితులు దిగులుపడుచున్నారు. నేనును పడితిని. మా నాయనతో చెప్పగా, చిటికి కట్టకుండ బొమ్మను గుడ్డపై అచ్చువేసి పోచంపల్లి యని యమ్మువారిని తాను చూచుచునే యున్నాననియు, అయినను మగ్గము దిగలేదనియు, కూలి మాత్రము తగ్గినదనియు చెప్పెను. ఆయన ధైర్యమును చెప్పెను, నష్టమును చెప్పెను. రెంటిని నేను గ్రహించితిని. వ్రాయుపని యంత్రమునకు పోయినను, ఇది యెవరి గడపను తాకునని యడుగుపని మనుష్యునిదే యని నా నమ్మకము.

ముగింపుగా మీకు మూడు మనవులు. మీ పేరు అన్ని కాగితములలో నొకే తీరుగ నున్నదో లేదో ఇంటి చదువుకొన్న పిల్లలచేత చూపించుకొనుడు. యంత్రము కాదన్నదని యెవరైన చెప్పినచో తలవంచుకొని తిరిగిరాకుడు. కారణము కాగితముపై నడుగుడు, ఏలయనగా యంత్రమునకు ఆజ్ఞ యిచ్చినది నావంటి మనుష్యుడే, వాడు తప్పవచ్చును. ఫోనునకు వచ్చిన రహస్యసంఖ్యను ఎంతటివా డడిగినను చెప్పకుడు. మోసపోయినచో ఆలస్యము చేయక 1930 అను సంఖ్యకు ఫోను చేయుడు.

రచ్చకట్టమీది పెద్దమనిషికి ఇప్పుడు నా సమాధానము. మాపటికి నా చేతిలో ఏమియు నుండదు. ఎచటనో యొక అవ్వ బస్సుఖర్చు లేకుండ, మరియొకరి బ్రతిమాలకుండ, తన సొమ్ము తాను తీసికొన్నచో ఆ దినమున నేను పనిచేసినట్లు. ఆమె మూడుమారులు తిరిగినచో, నా ముడి తప్పినట్లు.